తీగ మీద బిగిసిన గుడ్డ

"వదినా, నువ్వేం చెయ్యక్కర్లేదు. వచ్చి ముందు వరసలో కూర్చో, అంతే," అన్నాడు నెజాత్.

నేను ద్రాక్షాకుల్లో బియ్యం చుడుతున్నాను. ఆకు ఈనెల వైపు పైకి తిప్పి, మధ్యలో కొంచెం బియ్యం, ఉల్లిపాయ, ఎండు పుదీనా పెట్టి, రెండు పక్కలా మడిచి చిటికెన వేలంత లావున చుట్టాలి. వదులైతే గిన్నెలో విచ్చుకుంటుంది, బిగువైతే బియ్యం ఉబ్బి ఆకు పగులుతుంది. నెజాత్ మా ఆయన కెనాన్ పాటల బృందంలో మొదటిరోజు నుంచీ డ్రమ్ములు వాయించినవాడు. జుట్టు తెల్లబడినా ఇంకా వెనక్కి ముడేసుకుంటాడు. ఇన్నేళ్ళలో మా వంటింట్లో ఎన్నిసార్లు కూర్చున్నాడో, ఒక్కసారీ ఒక ఆకు చుట్టలేదు. ఉడికినవి మాత్రం గిన్నెలోంచి వేళ్ళతో తీసి తింటాడు, వేడికి ఊదుకుంటూ.

కెనాన్ పోయి రెండేళ్ళవుతోంది. ఆయన పేరు మీద మా జిల్లా కేంద్రం పార్కులో పెద్ద సభ పెడుతున్నారట. పాతవాళ్ళందరూ వస్తారట. "చివర్న 'కనుమ దారి' పాడతాం. దెఫ్నె అని కుర్రపిల్ల, గొంతు చాలా బావుంటుంది. ఆఖరి చరణం ఎలాగూ జనమే పాడేస్తారు. అప్పుడు నిన్ను స్టేజీ మీదికి పిలిచి పూలిస్తారు. ఏడుపొస్తే ఆపుకోకు, టీవీ వాళ్ళుంటారు."

"రాకపోతే?"

"ఉల్లిపాయలు తరుగుతూనే ఉన్నావుగా, ఒకటి సంచిలో వేసుకురా."

ఇద్దరం నవ్వాం. నెజాత్‌తో నవ్వు ఎప్పుడూ తేలిక. కానీ ఆ ఆఖరి చరణం మాట వచ్చేసరికి నా చేతిలో ఆకు చిరిగింది.

మా వైపు పాటకి ఒక పద్ధతుంది. పాట కట్టినవాడు చివరి చరణంలో తన పేరు వేసుకుంటాడు. ఆ పేరు వినపడిందంటే పాట అయిపోయిందని గుర్తు, వింటున్నవాళ్ళు కాళ్ళు చాపుకుంటారు, టీ గ్లాసులు కదులుతాయి. చచ్చి వందేళ్ళయినవాడి పాటైనా సరే, ఆఖర్న వాడి పేరు వస్తుంది, "అదీ ఫలానావాడు" అని ముసలాళ్ళు తలలూపుతారు. అది మగవాళ్ళ పాటల సంగతి. ఆడవాళ్ళం కట్టిన పాటల్లో మా పేర్లుండవు. జోలపాటలో బిడ్డ పేరుంటుంది. ఏడుపు పాటలో పోయినవాళ్ళ పేరుంటుంది. మగాడు తన పేరు పెట్టుకునే ఆ చోటే, ఆ ఆఖరి పాదంలోనే, మేం వాళ్ళ పేరు పెడతాం.

'కనుమ దారి' నేను కట్టిన పాట. సునా కోసం కట్టాను. సునా నా మొదటి బిడ్డ, కూతురు.

పెళ్ళయిన ఏడాదే కెనాన్ ఇస్తాంబుల్ వెళ్ళారు, స్నేహితులతో బృందం కడతానని. నన్ను అత్తగారి దగ్గర ఊళ్ళో ఉంచారు. సునా పంటలు ఇంటికొచ్చే రోజుల్లో పుట్టింది. ఆయన దాన్ని చూడలేదు. మంచు పడి కనుమ మూసుకుంటే మా ఊరికి మనిషి రావడానికీ లేదు, పోవడానికీ లేదు. బిడ్డకి జ్వరం వచ్చింది, డాక్టరు కనుమకి అవతల ఉన్నాడు. అంతే, అంతకంటే పెద్ద కథ లేదు. మా దగ్గర బిడ్డ ఒక చలికాలం గడిపితేగానీ ఆఫీసులో పేరు రాయించరు. "నిలబడుతుందేమో చూద్దాం" అంటారు. నిలబడలేదు కాబట్టి రాయించలేదు. తల దగ్గరా కాళ్ళ దగ్గరా రెండు చేని రాళ్ళు పాతారు. తర్వాత ఆ వాలు మీదుగా ట్రాక్టర్ల దారి వేశారు.

బిడ్డ పోయిన మర్నాడు నేను దాని గుడ్డలన్నీ నీళ్ళ తొట్టి దగ్గరికి తీసుకెళ్ళి ఉతికాను. మంచు పగలగొట్టి నీళ్ళు తీసుకోవాలి. అత్త గుమ్మంలోంచి అరిచింది, "ఎవరికోసం ఉతుకుతున్నావే అవి?" నాకూ తెలీదు. మాసినవి ఉన్నాయి, ఉతికాను. తీగ మీద వేస్తే కాసేపటికే బిగుసుకుపోయాయి. వేలితో తడితే చెక్కలా చప్పుడయ్యేది. అలా తడుతూ, ఆ చప్పుడు మీదే పాట వచ్చింది.

*కనుమ దారి మూసింది మంచు,*
*తీగ మీద గుడ్డ బిగిసింది.*
*ఎండ వచ్చి ఆరిపోతేనేం,*
*ఎవరికి చుట్టను సునా, ఎవరికి చుట్టను.*

దారి తెరుచుకున్నాక కెనాన్ వచ్చారు. జుట్టు భుజాల దాకా పెరిగింది, ప్యాంటు కింద గంటలా వెడల్పు. అత్త కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "ఇంకో కోడలు వస్తోందనుకున్నా," అంది. ఆయన నవ్వుతూనే లోపలికి వచ్చి, ఖాళీ ఉయ్యాల చూసి, నవ్వు ఆపేశారు. ఆ సాయంత్రం తొట్టి దగ్గర నేను పాడుకుంటుంటే వెనక నిలబడి విన్నారు. చంటిపిల్లాడిలా ఏడ్చారు. నిజమైన ఏడుపే, నేను చూశాను. తర్వాత తన సాజ్, ఆ పొడుగుమెడ తంబురా, తెచ్చుకుని నా పక్కన బండ మీద కూర్చుని, "ఇంకోసారి పాడు జెలిహా," అన్నారు. ఇంకోసారి. మళ్ళీ. తీగలు నా గొంతు వెనకాల వెతుక్కుంటూ వచ్చి, చివరికి పక్కన నడిచాయి. పెళ్ళయ్యాక ఆయన నా పక్కన అంతసేపు కూర్చోవడం అదే మొదలు. దుఃఖంలో కూడా నాకు సంతోషం వేసింది. ఆ సంతోషాన్ని ఇప్పటికీ తిరిగి ఇచ్చెయ్యను.

ఆ వసంతంలోనే నన్ను ఇస్తాంబుల్ తీసుకెళ్ళారు. అక్‌సరాయ్‌లో నేలకిందిల్లు, కిటికీలోంచి మనుషుల కాళ్ళే కనిపించేవి. బొగ్గుల గదిలో సాధన. సాజ్‌కి కరెంటు పెట్టారు! మొదటిసారి అది మోగినప్పుడు మా ఊరి కుక్కలన్నీ ఒకేసారి మొరిగినట్టుంది, తర్వాత తర్వాత ఆ మోతలోంచే మా కొండలు కనిపించేవి. పైవాటా ఆవిడ గోల ఆపమని గరిటెతో నీళ్ళ గొట్టం మీద బాదేది. "ఆవిడ తాళం నీకంటే నయంరా," అని కెనాన్ నెజాత్‌ని ఏడిపించేవారు. ఆ రోజుల్లో సుల్తానహ్‌మెత్ పేట నిండా తెల్లతోలు పిల్లలు, పూల చొక్కాలు, కాళ్ళకి మువ్వలు, అందరూ హిందుస్తాన్ వెళ్ళేదారిలో ఉన్నవాళ్ళే. ఒక జర్మన్ పిల్ల మా ఇంట్లో వారం ఉంది. నా దగ్గర ఆకులు చుట్టడం నేర్చుకుని, "మీరు ఎంత స్వేచ్ఛగా ఉన్నారు," అని సైగలతో చెప్పింది. నేను పొయ్యి ముందున్నాను, చంకలో కెనాన్ చొక్కాల మూట. బహుశా నేను పాడుతున్నాననుకుంటా.

ఆ ఇల్లు నాకిప్పటికీ కలలోకి వస్తుంది. ఎప్పుడూ ఎవరో ఒకరు నేల మీద పడుకుని ఉండేవాళ్ళు. పెద్ద డేగిశాలో గోధుమరవ్వ, శనగలు. నేను గొర్రెతోలు కోట్ల మీద పూలు కుట్టాను, మా పుట్టింట్లో మేజోళ్ళ మీద అల్లే ముగ్గుతో గిటార్లకి పట్టీలు నేశాను. బృందం వేషం చూసి పేపరువాళ్ళు ఫోటోల మీద ఫోటోలు తీశారు. "మీ దర్జీ ఎవరు?" అని అడిగితే కెనాన్ గడ్డం నిమురుకుని, "అనటోలియా," అని మా నేల పేరు చెప్పారట. ఆ మాట పెద్దక్షరాల్లో వేశారు. ఇంటికొచ్చి అది చదివి వినిపిస్తే నేనూ నవ్వాను, సూది నా నోట్లోనే ఉంది.

ఒక వేసవి నన్నూ వ్యానులో తీసుకెళ్ళారు, వండి పెట్టడానికి. వ్యానుకి పసుపు రంగు, మీద నీలం పక్షులు. ఒక్కో ఊళ్ళో పిల్లలు వెంటపడేవాళ్ళు, "ఆడా? మగా?" అని అరుస్తూ. యోజ్‌గాత్‌లో మంగలి కత్తెర ఊపుకుంటూ బజారు చివరిదాకా వచ్చి, "ఉచితంగా చేస్తాను, నా ఊరి పరువు కోసం!" అన్నాడు. కానీ సాయంత్రం సాజ్ మోగగానే అదే మంగలి మొదటి వరసలో కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. నేను వ్యాను మెట్టు మీద బంగాళాదుంపలు తొక్క తీస్తూ చూశాను. ముసలాళ్ళూ కుర్రాళ్ళూ ఒక పాటకి ఒకేలా తల ఊపడం నేను అంతకుముందు చూడలేదు. నా మొగుడు అందగాడు, మంచి గొంతువాడు. ఆ మెట్టు మీద నాకెంత గర్వమో.

అప్పటికి 'కనుమ దారి' రికార్డుగా రాలేదు. వచ్చినరోజు ఇంటినిండా జనం. నేను టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని వచ్చాను. పెట్టెలో పాట తిరుగుతోంది. మంచు మూసింది, గుడ్డ బిగిసింది, అన్నీ నావే, నా చప్పుడు కూడా నెజాత్ డ్రమ్ము అంచు మీద కట్టెతో తడుతున్నాడు. ఆఖరి పాదం వచ్చింది.

*ఎవరికి చెప్పను కెనాన్, ఎవరికి చెప్పను.*

అందరూ "అదీ!" అన్నారు. ఎవరో చప్పట్లు కొట్టారు. టీ తొణికి పళ్ళెంలో పడింది. కెనాన్‌ని వంటింట్లోకి పిలిచి అడిగాను, "దాని పేరేదీ?"

ఆయన నిజంగా ఆశ్చర్యపోయారు. "రేడియోలో పసిపిల్ల పేరు వింటే ఎవరికేం తెలుస్తుంది జెలిహా? పాటకి పేరుండాలి కదా, పద్ధతి. పేరు లేకపోతే అనాథ పాటనుకుంటారు, ఎవడు పడితే వాడు ఎత్తుకుపోతాడు."

"పేరుంది దానికి."

"అది నా బిడ్డే కదా. నా పేరుంటే దాని పేరున్నట్టే." నా భుజం మీద చెయ్యి వేసి, లోపల్నించి ఎవరో పిలిస్తే వెళ్ళారు. "చక్కెర సరిపోలేదంటున్నారు, తీసుకురా," అన్నారు గుమ్మంలోంచి.

మరుసటేడు సెలిమ్ కడుపులో పడ్డప్పుడు అత్త ఊరి నుంచి వచ్చింది. పోయిన బిడ్డ పేరు పలికితే అది ఉన్న బిడ్డని తోడు రమ్మంటుందని మా వైపు నమ్మకం. "ఈ ఇంట్లో ఆ పేరు వినపడకూడదు. పాటలోంచి తీసేసి నా కొడుకు మంచి పని చేశాడు," అంది. నాకు భయం వేసింది. సెలిమ్ పుట్టాడు, దగ్గు వచ్చిన ప్రతిసారీ నేను నోరు ఇంకొంచెం బిగించాను. వాడు పెరిగి బ్యాంకులో ఆఫీసరయ్యాడు. వాడికొక అక్క ఉండేదని వాడికి తెలీదు. చెప్పే అలవాటు పోయింది, అంతే.

పాట మాత్రం దేశమంతా తిరిగింది. పెళ్ళిళ్ళలో పాడారు. సైన్యానికి వెళ్ళే కుర్రాళ్ళని బస్సెక్కిస్తూ పాడారు. ఒకసారి గడ్డం విద్యార్థి ఒకడు ఇంటికొచ్చి, నేను వేసిన కుర్చీలో కూర్చుని, తీగ మీద బిగిసిన గుడ్డ అంటే ఈ దేశంలో గడ్డకట్టిన స్వేచ్ఛ అని గంటసేపు చెప్పాడు. కెనాన్ కాదనలేదు, అవుననలేదు, కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. అవి చంటిపిల్ల మూత్రం గుడ్డలు నాయనా, అందామని నా నోటిదాకా వచ్చింది. టీ ఇచ్చాను. తర్వాత రోజులు మారాయి. సైనికుల రాజ్యం వచ్చింది, జుట్లు కత్తిరించారు, వ్యాను అమ్మేశాం, జనం వేరే ఏడుపు పాటలకి అలవాటు పడ్డారు. ఆయన హోటళ్ళలో పాడారు, భోంచేస్తున్నవాళ్ళ ముందు. ఎక్కడికి వెళ్ళినా ఆ ఒక్క పాట అడిగేవారు. ఆ పాటే మా ఇంటిని నిలబెట్టింది, అది కూడా నిజం.

ఆయన పోయాక మా వీధి ఆడవాళ్ళకి పురపాలక సంఘం వాళ్ళు పెట్టిన తరగతికి వెళ్ళి చదవడం నేర్చుకున్నాను. ఆయన మీద పేపర్లో వచ్చిన వ్యాసం కూడబలుక్కుంటూ నేనే చదివాను. 'కనుమ దారి, ఒంటరి కవి తన యవ్వనం కోసం ఏడ్చిన పాట' అని ఉంది. రెండోసారి చదివాను, సరిగ్గా చదివానా లేదా అని. సరిగ్గానే చదివాను.

కానీ నన్ను నిజంగా కదిపింది అది కాదు. ఆసుపత్రిలో ఆఖరి వారాల్లో ఆయనకి మతిమరుపు ముదిరింది. ఒక మధ్యాహ్నం నేను కాళ్ళు ఒత్తుతుంటే ఆయనే 'కనుమ దారి' ఎత్తుకున్నారు, సన్నగా. "ఇది పాపకి కట్టింది, గుర్తుందా?" అన్నాను.

"ఏ పాప?"

"మన పాప."

నవ్వారు. "మనకి అబ్బాయే కదా." మళ్ళీ పాట అందుకున్నారు, ఒక్క మాట తప్పకుండా చివరిదాకా పాడారు. తన పేరు దగ్గర గొంతు కొంచెం పైకి లేపి, ఎప్పుడూ లేపినట్టే. నాకు కోపం రాలేదు. రోగం మీద కోపమేం పడతాం. కానీ ఆ మంచం పక్కనే నాకు అర్థమైంది. రాయి లేదు, కాగితం లేదు, అత్త లేదు, ఇప్పుడు ఈయన కూడా లేరు. ఆ పేరు నా నోట్లో తప్ప ఈ భూమ్మీద ఇంకెక్కడా లేదు. నేను పోయిన రోజున సునా రెండోసారి పోతుంది.

"నెజాత్," అన్నాను, చిరిగిన ఆకు పక్కన పెట్టి. "ఆఖరి చరణం నేను పాడతాను."

"నువ్వా?" వేలు నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. "నువ్వెప్పుడు పాడావు వదినా?"

"మీ గిన్నెలు తోమినన్నాళ్ళూ పాడాను. వినలేదా?"

"విన్నాన్లే," అన్నాడు నెమ్మదిగా. "పాడు, మంచిదే. జనం ఇంకా ఏడుస్తారు."

"కెనాన్ పేరుతో కాదు."

నెజాత్ గిన్నె మూత పెట్టేశాడు. "వదినా, ఆ పేరు దగ్గర జనం లేచి నిలబడతారు. నలభయ్యేళ్ళ అలవాటు. ఆయన సభలో, ఆయన పాటలోంచి, ఆయన పేరు తీసేస్తే ఎలా ఉంటుందో ఆలోచించు."

"తీసేస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు."

నెజాత్ వేళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత, "పాప ఉండేదని తెలుసు నాకు. పేరెవరూ చెప్పలేదు," అన్నాడు. నేను చెప్పాను. ఇన్నేళ్ళలో ఇంకో మనిషి ముందు నా నోటితో ఆ పేరు పలకడం అదే. నెజాత్ బల్ల మీద వేళ్ళతో తాళం వేస్తూ ఆ పేరు పెట్టి పాదం పాడుకున్నాడు. "సరిగ్గా కూర్చుంటోంది," అన్నాడు.

"కూర్చోక? అది పుట్టిందే అక్కడ."

"తిడతారు వదినా."

"తిట్టనీ. నువ్వు తాళం తప్పకు చాలు."

సభనాడు ఎండ బాగా ఉంది. పార్కులో కుర్చీలు చాలక గోడలెక్కారు, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్నారు. సెలిమ్ ఇజ్మిర్ నుంచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు, కోటు తియ్యమన్నా తియ్యలేదు. పాతపాటలన్నీ వచ్చాయి. ఒక్కోదానికీ ఒక్కో ఊరు, ఒక్కో వంట నాకు గుర్తొచ్చాయి. దెఫ్నె 'కనుమ దారి' మొదలుపెట్టింది. బాగా పాడింది, తొందరపడకుండా. ఆఖరి చరణానికి ముందు వాయిద్యాలు సాగుతుండగా దిగి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "రండి పెద్దమ్మా, నెజాత్ గారు చెప్పారు." ఎవరో నా చేతిలో పూలు పెట్టారు. మైకు కూడా పెట్టారు. రెండూ పట్టుకోవడం తెలీక పూలు చంకలో ఇరికించుకున్నాను.

పాడాను. నా గొంతు ముసలిది, ఆరుబయట తొట్టి దగ్గర పాడిన గొంతే అయినా ఇప్పుడు బీటలు వారింది. మూడు పాదాలు జనం నాతో పాడారు. నాలుగో పాదానికి అందరూ లేచి నిలబడి కెనాన్ అన్నారు, అంతమంది గొంతులో నా మాట నాకే వినపడలేదు. ఆఖరి పాదం మా వైపు రెండుసార్లు పాడతారు. నెజాత్ కట్టెలు పైకెత్తి ఆపేశాడు. సాజ్ ఆగింది. జనం తడబడి ఆగారు. ఆ ఖాళీలో నేనొక్కదాన్నే పాడాను.

*ఎవరికి చుట్టను సునా, ఎవరికి చుట్టను.*

చప్పట్లు రాలేదు. మనుషులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "మర్చిపోయింది పాపం," అన్నారెవరో మగవాళ్ళు. గోడ పక్కన నిలబడ్డ ఒక ముసలామె మాత్రం తలగుడ్డ కొస నోటికి అడ్డం పెట్టుకుంది. చుట్టడం అన్న మాట ఆమెకి అందింది. పక్కావిడ చెవిలో ఏదో చెప్పింది, ఆవిడ ఇంకో ఆవిడకి. నేను మెట్లు దిగి నా కుర్చీ దగ్గరికి వచ్చాను. సెలిమ్ లేచి నిలబడి ఉన్నాడు, మొహం ఎర్రబడింది.

"అమ్మా, నాన్న పేరు మర్చిపోయావా? సునా ఎవరు?"

నలభై దగ్గరపడినవాడు, ఆరోగ్యంగా ఉన్నాడు, ఎవరూ వాణ్ణి తోడు పిలవలేదు.

"మీ అక్కరా," అన్నాను. "ముందీ పూలు పట్టుకో, కూర్చుని చెప్తాను."